రెండో పూత

మేమూ జాన్ బీ వాళ్ళూ ఒక పాత దొర బంగళాలో చెరో వాటాలో ఉండేవాళ్ళం. వంటిల్లు ఉమ్మడి. పొయ్యిలు రెండు, సింకు ఒక్కటే. ఆ సింకు మీది ఎనామిల్ పెచ్చులూడి, తుప్పు పట్టి, తోమిన గిన్నెలకు కూడా మరకలంటేవి.

సెప్టెంబరు రెండో వారంలో జాన్ బీ భర్త ఇమాం వలి దానికి రంగు వెయ్యడానికి పూనుకున్నాడు. రైలు కార్ఖానాలో పెట్టెలకు రంగులు వేసే మనిషి. తుప్పు గీకి, సోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తెల్లరంగు ఒక పూత వేశాడు.

"నీళ్ళు తగలనియ్యకు టీచరమ్మా. ఆరినంక గరుకు కాగితంతోని రాకి, రెండో పూత నేనే ఏస్త" అన్నాడు.

అంతలోనే పోలీసు చర్య వచ్చింది. నిజాం లొంగిపోయిన మూడోనాడు, మిలిటరీ జీపులో వచ్చినవాళ్ళు ఏదో విచారణ అని ఇమాం వలిని ఎక్కించుకుపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

జాన్ బీ సింకు మీద చాప ముక్క కప్పింది. "ఆయనొచ్చి రెండో పూత ఏసేదాంక ఆగుదాం" అంది. సరే అన్నాను. ఒక వారమేగా అనుకున్నాను. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. రోజంతా బళ్ళో నిలబడి వచ్చి, పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని అంట్లు తోమేసరికి నా మోకాళ్ళ పని అయిపోయేది. విసుగొచ్చేది. విసుక్కున్నందుకు సిగ్గేసేది.

మా ఆయన కంటోన్మెంటు ఆఫీసులో గుమాస్తా. ఏటా లాగే క్రిస్మస్‌కి గోడలకు సున్నం వేస్తున్నాడు. జాన్ బీ మోండా మార్కెట్‌కు వెళ్ళిన సమయం చూసి, అటక మీది ఇమాం వలి రంగు డబ్బా దింపి ఆయన చేతిలో పెట్టాను.

"పండక్కి చుట్టాలొస్తారు, ఆ సింకు కూడా కానివ్వండి" అన్నాను. చుట్టాలెవరూ రావడం లేదు. నా మోకాళ్ళ కోసమే అన్నాను.

జాన్ బీ వచ్చేసరికి సింకు తళతళలాడుతోంది. తిడుతుందనుకున్నాను, పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. ఆమె సంచీ కింద పెట్టి మా ఆయన వైపు చూసింది.

"సారు ఆఫీసుకు కాగితం వచ్చిందా టీచరమ్మా?"

"ఏం కాగితం?"

"ఆయన ఇగ రాడని. గందుకే గదా మీరే ఏసుకున్నరు."

కాగితం లేదు, కబురూ లేదన్నాడు మా ఆయన. మా ఇళ్ళలో ఒట్లు వెయ్యరు, అయినా బైబిలు తెచ్చి దాని మీద ఒట్టేశాడు. ఆమె తలాడించింది గాని నమ్మలేదు. చేతి గాజులు తీసెయ్యడానికి ఒక్కొక్కటే వేళ్ళ వైపు లాక్కోవడం మొదలుపెట్టింది.

ఇక మాటలతో పని కాదు. ఆ నెల రేషను కిరసనాయిలు సీసా తెచ్చి, పాత లంగా ముక్క తడిపి సింకు తుడవసాగాను. పచ్చి రంగు ముద్దలుగా ఊడొచ్చింది. అడుగున ఎండిన పూత, ఇమాం వలి కుంచె గీతలతో సహా, అలాగే ఉంది. ఆఖరి మూల తుడిచేదాకా ఆమె గాజుల మీంచి చెయ్యి తియ్యలేదు.

"నిజంగ ఏం రాలేదా?"

"రాలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు జాన్ బీ. అంతే."

ఆమె గాజులు ముంజేతికి తోసుకుంది. చాప ముక్క తెచ్చి మళ్ళీ కప్పింది. తర్వాత రెండు వాటాల అంట్లూ తట్టలో వేసుకుని కుళాయి వైపు నడిచింది.

"మీ గిన్నెలు సుత నేనే తోముత టీచరమ్మా, ఆయనొచ్చేదాంక" అంది.