బస ఒక్క రాత్రికే

క్షేత్రానికి కాలినడకన వెళ్లేవాళ్లు దారిలో ఆగే బసల్లోకెల్లా ఆ సత్రం చిన్నది. పొడుగాటి హాలు, అందులో పన్నెండు మంచాలు, ముందు అరుగు, వెనక పెరడు. పెరట్లోనే సత్రం చూసుకునే ఆయన సొంత ఇల్లు. యాత్రికులంతా ఆయన్ని దర్జీ బాబాయ్ అంటారు. బట్టలు కుట్టడం మానేసి తొమ్మిదేళ్లయినా ఆయన సూది మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఆ సూది పనంతా కాళ్లకే.

మాటవరసకి చెప్పడం కాదు. సాయంత్రం నాలుగయ్యేసరికి యాత్రికులు అరుగు మీద వరసగా కూర్చుని, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ల బేసిన్లలో కాళ్లు పెట్టుకుంటారు. దర్జీ చిన్న పీట జరుపుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, కాలు తుడిచి ఒళ్లో పెట్టుకుని, మరిగించిన సూదీ దారంతో బొబ్బని ఈ పక్కనుంచి ఆ పక్కకి గుచ్చి, దారం కొసలు బయటికి వదిలేస్తాడు. తెల్లారేసరికి నీరంతా ఆ దారం వెంట కారిపోయి బొబ్బ అణిగిపోతుంది. ఈ పనిలో ఉన్నంతసేపూ ఆయన తలెత్తడు. మొహాలు చూస్తే కబుర్లు మొదలవుతాయి, కబుర్లు మొదలైతే నీళ్లు చల్లారిపోతాయి అంటాడు.

గుమ్మం పక్కన ఆయనే రాసి తగిలించిన బోర్డు ఒకటుంది: 'బస ఒక్క రాత్రికే.' మంచాలు పన్నెండే, వచ్చేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు, మరి తప్పదు. ఒకసారి పంటినొప్పితో చెంప బూరెలా పొంగిన ప్లీడరుగారొకాయన ఇంకో పూట ఉంటానని బతిమాలాడు. దర్జీ ఆయన్ని దగ్గరుండి డాక్టరు దాకా తీసుకెళ్లి దింపి వచ్చాడేగాని, రెండో రాత్రి మాత్రం ఉండనివ్వలేదు. మీరు నడిపేది సత్రం కాదు, రైలు అని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రం వరస పూర్తి చేసుకుంటూ ఆయన చివరి బేసిన్ దగ్గరికి జరిగాడు. అందులోంచి కాలు పైకి తీశాడు. చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది. దర్జీ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

ఆ వేలిని వంకర చేసింది ఆయనే. ఆరేళ్లప్పుడు నాన్న కొట్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తబోయి అక్క కాలి మీద పడేశాడు. నాన్న కేకలేస్తూ వస్తే, పదేళ్ల అక్క ఏడుపు దిగమింగుకుని, నేనే పడేసుకున్నానని చెప్పింది. తమ్ముడికి కాజాలు కుట్టడం నేర్పిందీ ఆవిడే, అమ్మ పోయాక అన్నం పెట్టిందీ ఆవిడే. నాన్న తర్వాత కొట్టు ఇద్దరూ కలిసి నడిపారు. తొమ్మిదేళ్ల కిందట తను సత్రానికి వెళ్లిపోతానన్న రోజున అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. కత్తెర పట్టిన చేత్తో దారినపోయేవాళ్ల కాళ్లు కడుగుతావా, నీ గడప తొక్కితే ఒట్టు అంది. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, నువ్వు రాకపోతే నాకేం కొరత అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. కానీ మాట నోరు దాటిపోయింది. అప్పటినుంచీ మూడు ఉత్తరాలు మొదలుపెట్టి మూడూ చింపేశాడు.

ఇప్పుడు ఆ కాలు ఆయన ఒళ్లో ఉంది. మడమ మీద రెండు బొబ్బలు. తలెత్తే ధైర్యం లేక సూదిలో దారం ఎక్కించబోయాడు. నాలుగోసారికి ఎక్కింది. ఎలాగో గుచ్చాడు.

"కుట్టు వంకరపోతోంది," అంది పైనుంచి అక్క గొంతు.

తొమ్మిదేళ్ల తర్వాత వినబడ్డ మొదటి మాట అది. ఆయన దారం లాగేసి మళ్లీ తిన్నగా గుచ్చాడు. కంటి నీళ్లు రెండు చుక్కలు బేసిన్లో పడ్డాయి. అందులో ఉన్నవీ ఉప్పునీళ్లే కాబట్టి తేడా తెలియలేదు. అక్క లేచి హాల్లోకి వెళ్లిపోయింది. ఆయన అడుగు కదపలేకపోయాడు.

భోజనాల దగ్గర భార్య విషయం బయటపెట్టింది. సత్రం పుస్తకంలో పేరు రాసుకున్నప్పుడే వదినని గుర్తుపట్టిందట. తీరిగ్గా మాట్లాడుకుంటారని కావాలనే చివర కూర్చోబెట్టిందట.

"పొద్దున్నే వదిన వెళ్లిపోతుంది," అంది. "ఆవిడకి అరవై రెండేళ్లు. మళ్లీ ఈ దారిన వస్తుందనుకోకండి. మాట్లాడతారో, సూదితోనే సరిపెడతారో మీ ఇష్టం."

తెల్లవారాక యాత్రికులు ఒక్కొక్కరే దారి పట్టారు. అక్క మూట సర్దుకుని అరుగు మీద కూర్చుంది. దర్జీ పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. తల ఎత్తకుండానే ఆమె కాలు ఒళ్లోకి తీసుకుని దారాలు లాగేశాడు. మడమ శుభ్రంగా ఉంది. తన పనితనం మీద తనకే ఒళ్లుమండింది.

"ఈ కాలు ఇంకో వారం కింద పెట్టకూడదు," అన్నాడు.

"నా కాలి సంగతి నాకు తెలీదేంట్రా?"

అబద్ధం అక్కడే చచ్చిపోయింది. బస్సులో రెండు గంటల దారికి నాలుగు రోజులు నడిచావా అని గొణిగాడు.

"బస్సులో వస్తే నీకోసం వచ్చినట్టుంటుంది. నడిచి వస్తే అందరిలాంటి యాత్రికురాల్ని. సత్రం నీ ఇల్లు కాదుగా, నా ఒట్టుకేం కాలేదు."

ఆయన కాలు వదల్లేదు. ఆ వంకర వేలునే చూస్తూ, "అక్కా, ఆ రోజు కొరత లేదన్నాను. ఉంది. రోజూ ఉంది," అన్నాడు.

అక్క గొంతు తగ్గించింది.

"నిన్న చివర కూర్చుని అంతా చూశాను. ఒక్కొక్కరి కాలూ ఎలా తుడిచావో చూశాను. ఆ రోజు నేనన్నదీ మంచి మాట కాదురా."

"ఇంకో రాత్రి ఉండు అక్కా."

"ఆ బోర్డు రాసింది నువ్వే కదా? ప్లీడరుగారికో న్యాయం, అక్కకో న్యాయమా? మీ ఆవిడ అంతా చెప్పిందిలే."

తొమ్మిదేళ్లుగా అందరి ముందూ పెట్టిన రూలు ఈ రోజు తన మెడకే చుట్టుకుంది. అక్క లేచి మూట చంకన పెట్టుకుంది, చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆయన అలాగే తల వంచుకుని ఆ పాదాల్ని చూస్తూ ఉండిపోయాడు. పాదాలు అరుగు దిగాయి. కానీ రోడ్డు వైపు తిరగలేదు. హాలు పక్కనుంచి పెరట్లోకి నడిచాయి. ఆయన ఆ పాదాల వెనకే వెళ్లాడు. అవి ఆయన ఇంటి గడప ముందు ఆగాయి. లోపల భార్య చేతిలో గరిటెతో కదలకుండా నిలబడి ఉంది.

"సత్రంలో రెండో రాత్రి ఉండనివ్వరట," అంది అక్క ఆమెతో. "మరి నేనెక్కడ పడుకోను?"

వంకర వేలున్న కాలు గడప దాటింది.

దర్జీ అప్పుడు తలెత్తాడు. అక్క వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. నవ్వు దాచుకోవడం మాత్రం ఇప్పటికీ చేతకాదు.