కడపలో ఆగిపోయిన బస్సు

తను పుట్టడానికి ఇరవై ఆరేళ్ళ ముందు కడప రైల్వే గేటు దగ్గర చెడిపోయిన బస్సును ఇర్షాద్ పదకొండు శుక్రవారాలుగా బాగుచేస్తూనే ఉన్నాడు. అది బాగుపడి వెళ్ళిపోతే కథ అయిపోతుంది. కథ అయిపోయిన రోజున సెలవు కాగితం మీద సంతకం పెడతానని హమూద్ బాబా మాటిచ్చాడు. చిక్కల్లా ఏమిటంటే, కథ అయిపోవడం హమూద్ బాబాకు ఇష్టం లేదు.

హమూద్ బాబా ఇర్షాద్‌కు యజమాని. ఒమాన్‌లోని రుసైల్‌లో ఆయనకు టైల్స్ గోడౌన్ ఉంది. ఇర్షాద్ అందులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. డెబ్బై నాలుగేళ్ళ ఈ ఒమానీ పెద్దాయన కుర్రతనంలో బొంబాయిలో చదువుకున్నాడు. అక్కడే ఆయనకు ‘పర్పుల్ పోస్టాఫీస్’ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు పట్టుకుంది. మలేరియా పట్టుకున్నట్టే, కాకపోతే మలేరియాకు మాత్రలున్నాయి. పూల చొక్కాలు, నడుముదాకా జుట్టు, ఊదారంగు పొగలో ఐదుగురు మనుషులు. వాళ్ళ పాట ఒక్కోటి ఎంత పొడుగంటే, అక్కడివాళ్ళు పండక్కి నిప్పుల గుంతలో పాతిపెట్టిన మేకమాంసం ఉడికి, బయటికొచ్చి, వడ్డన కూడా అయిపోతుంది, పాటగాడింకా నోరు తెరవడు. 1972లో ఆ బ్యాండు విడిపోయింది. హమూద్ బాబా మాత్రం దాన్నుంచి విడిపోలేదు.

అల్ మవాలేలోని ఆయన ఇంట్లో, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో, ప్రతి శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజయ్యాక అభిమానుల సభ జరుగుతుంది. సభ్యులు ముగ్గురు. ఒకరు హమూద్ బాబా. రెండోవాడు డెస్మండ్, గోవా మనిషి, నలభై ఏళ్ళుగా ఒమాన్‌లోనే ఉండిపోయాడు. ఆ బ్యాండువాళ్ళు తుమ్మిన తారీఖులు కూడా ఫైల్లో రాసిపెట్టుకుంటాడు. మూడో మనిషి హమూద్ బాబా బావమరిది. ఆయనకు రెండు చెవులూ వినపడవు, అందుకే ఆ బ్యాండంటే ఇంతవరకూ విసుగు పుట్టలేదు. గోడమీద ఫ్రేము కట్టిన నలుపు తెలుపు ఫోటో ఒకటుంది. అందులో మనిషి ఉండడు, కుడిచెయ్యి మాత్రమే ఉంటుంది. 1971లో బొంబాయి వీధిలో జుట్టు పెంచుకున్న ఒక దొర, తనే పర్పుల్ పోస్టాఫీస్ పాటగాడు రూపర్ట్‌నని చెప్పి హమూద్‌తో చెయ్యి కలిపాడు. గంటలోపు హమూద్ స్టూడియోకు పరిగెత్తి, దొర తాకిన తన చేతికి ఫోటో తీయించాడు.

వీళ్ళ మధ్యలో ఇర్షాద్ ఇరుక్కున్నది కేవలం తన నోటి వల్ల.

ఇల్లు చూసి మూడేళ్ళ నాలుగు నెలలయింది. తను విమానమెక్కాక పుట్టింది మున్నీ. ఆ పిల్ల దృష్టిలో నాన్నంటే ఫోను. ఫోనుకు ఛార్జింగ్ పెడితే “అబ్బా అన్నం తింటాండాడు” అంటుందని భార్య అల్ఫియా చెప్పి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఇంకో మూడు నెలలకు, ఇరవై ఒకటో తారీఖున మున్నీకి మూడేళ్ళు నిండుతాయి. ఆలోపు వెళ్ళకపోతే పిల్ల ఛార్జర్‌ని బాబాయి అంటుందేమోనని ఇర్షాద్‌కు భయం పట్టుకుంది. రెండు నెలల సెలవుకు కాగితం రాసుకుని యజమాని ఇంటికి వెళ్ళాడు.

అప్పుడు రికార్డు తిరుగుతోంది. హమూద్ బాబా కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన్ని కాస్త మంచి చేసుకుందామని ఇర్షాద్ గోడమీది బ్యాండు బొమ్మ చూపించి, తన కడప ఉర్దూలో అన్నాడు:

“బాబా, వీళ్ళు మా కడపకొచ్చినారు తెలుసా? మా తాత ఖాదర్‌వలి మైకుసెట్టులోనే పాడినారు.”

గోడమీద సర్కస్ సింహం బొమ్మ ఉండుంటే, దానికి గడ్డం గీసింది కూడా మా తాతేనని చెప్పేవాడు. అతని నోటికి అదొక అలవాటు. కానీ హమూద్ బాబా కళ్ళు తెరిచాడు. కాగితంతో పాటు ఇర్షాద్ ముందుంచిన పెన్నుకు మూత పెట్టాడు. సెలవు కాగితాన్ని తీసుకెళ్ళి కహ్వా అనే అరబ్బు కాఫీ కూజా కింద పెట్టాడు.

“మొత్తం చెప్పు బేటా. అయిపోయాక సంతకం.”

ఇర్షాద్ మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఇండియా చూడ్డానికి బస్సులో వచ్చారు, గేటు దగ్గర బస్సు చెడిపోయింది, బాగుచేసుకుని పోయారు.

“అంతేనా?” అన్నాడు హమూద్ బాబా. ఎవరో పోయారని కబురొస్తే అడిగినట్టు అడిగాడు.

ఆ ముఖం చూసి ఇర్షాద్ తట్టుకోలేకపోయాడు. “అంతేనా అంటే... నడిమిట్లో ఒక పెండ్లి జరిగింది బాబా.”

అక్కడితో అయిపోయాడు.

రెండో శుక్రవారం రంగురంగుల బస్సును చూసి సర్కసనుకుని జనం వరసలో నిలబడ్డారు. మూడో వారం వాళ్ళ యాంప్లిఫైయర్ కాలిపోయి, ఖాదర్‌వలి తన మైకుసెట్టు ఇచ్చాడు. నాలుగో వారం డ్రమ్ములు కొట్టేవాడు రాగిసంగటితో ఊరిమిండి పచ్చడి కారం తిని మూడు రోజులు కన్నీళ్ళు కార్చాడు. ఇంట్లో ఎవరో చనిపోయారనుకుని కడపలో సగంమంది వచ్చి అతన్ని పరామర్శించారు. ఇక బస్సు కదిలిద్దామనుకున్నప్పుడల్లా డెస్మండ్ ఫైలు తెరిచేవాడు.

“మిస్టర్ ఇర్షాద్, ఆ నెలలో డ్రమ్మర్ కాలు విరిగింది కదా?”

“విరిగింది. అందుకే పెండ్లిలో కూర్చోని వాయించినాడు.”

“కూర్చోకుండా డ్రమ్స్ ఎవరు వాయిస్తారు?”

“మా ఊర్లో అందరూ నిలబడే వాయిస్తారు సార్. ఆయప్పను చూసినాకనే మావాళ్ళకు తెలిసింది కూర్చోవచ్చని.”

దానికి ఇంకో వారం పట్టేది. డెస్మండ్ అడిగే తారీఖులకు సమాధానాలు కట్టీ కట్టీ బస్సు కింద నాలుగు చక్రాలూ భూమిలోకి దిగబడిపోయాయి.

పదకొండో శుక్రవారం కడుపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు ఇర్షాద్. అక్కడ మహబూబీ చేపలు కడుగుతోంది. ఆమెది ప్రొద్దుటూరు, ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా వంట చేస్తోంది.

“ఏంరా ఖాదర్‌వలి మనవడా!” అంది. “మా అమ్మ పెండ్లికి మీ తాతే పెట్రోమాక్స్ లైట్లు తెచ్చినాడంట. అవి గూడా నిఖా నడుమ ఆరిపోయినాయంట. మైకు యాడిదిరా ఆయప్పకు?”

“మెల్లగా ఖాలా! కడుపు నొస్తాంది.”

“ఏమైంది కడుపుకు?”

“కహ్వా. ఇరవై మూడు కప్పులు.”

“ఇరవై మూడా! ఏంటికిరా?”

“ఆ డ్రైవర్ బాబు మియా పోస్తాండాడు, నేను తాగుతాండా. వద్దంటే మర్యాద గాదని.”

మహబూబీ చేతిలో చేప జారి సింకులో పడింది. “ఒరే పిచ్చోడా, కప్పు ఊపల్ల గదరా!” గోడ అరలోంచి చిన్న కప్పు తీసి రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించింది. “ఇట్లా ఊపితే చాలని అర్థం. ఊపకుంటే తెల్లార్లూ పోస్తానే ఉంటారు. నువ్వు తాగినంతసేపూ బాబా గూడా నిన్ను లేపడు. కప్పులో ఉండాదంటే మాట అయిపోలేదని ఈళ్ళ లెక్క. బాబు మియా నిన్ను ఒంటె అంటాడు, తెలుసా?”

డ్రైవర్ బాబు మియా ప్రతి శుక్రవారం కూజా పట్టుకుని తన పక్కనే ఎందుకు నిలబడతాడో, ఎందుకంత జాలిగా చూస్తాడో ఇర్షాద్‌కు అప్పుడర్థమయింది. పదకొండు వారాలు అతన్ని పట్టి ఉంచిన తలుపుకు గడియే లేదు. తోసి చూడాలని తెలియలేదంతే.

పన్నెండో శుక్రవారం లెక్క వేసుకుని కూర్చున్నాడు. మూడు వాక్యాలు. బస్సు బాగయింది, జనం చేతులూపారు, దుమ్ము లేచింది. ఆ వెంటనే కప్పు ఊపాలి, కాగితం అందుకోవాలి. కూజా కింద కాగితం మీద వారానికొకటి చొప్పున పదకొండు గోధుమరంగు సున్నాలు పడ్డాయి. వాటి మధ్యలోంచి ‘అరవై రోజులు’ అన్న మాట ఇంకా కనిపిస్తోంది.

“ఆరోజు పొద్దున్నే మెకానిక్ వచ్చినాడు బాబా—”

“ఒక్క నిమిషం,” అన్నాడు డెస్మండ్. ఫైలు తెరవలేదు, ఫోను తీశాడు. “నేను ఆ డ్రమ్మర్‌కు ఈమెయిల్ రాశాను. ఇంగ్లండులో ఉన్నాడు, ఎనభై ఏళ్ళు. నిన్న జవాబొచ్చింది.” గొంతు సవరించుకుని చదివాడు. “ఇండియా వెళ్దామని బయల్దేరిన మాట నిజమే. బస్సు టర్కీలోనే చెడిపోయింది. దాన్నొక గొర్రెల కాపరికిచ్చేసి, అందరం రైల్లో ఇంటికెళ్ళిపోయాం. మాలో ఒక్కడు కూడా ఇండియా చూడలేదు.”

రికార్డు అయిపోయి సూది గరగరమంటోంది. బావమరిది ఒక్కడే తల ఊపుతూ ఆనందిస్తున్నాడు.

ఇర్షాద్ లేచి పారిపోవడానికి తలుపెంత దూరముందో చూసుకున్నాడు. దానికంటే దగ్గర దారి ఇంకొకటి కనిపించింది. ‘అంతా అబద్ధం బాబా’ అంటే చాలు. మళ్ళీ జన్మలో ఎవరూ అతన్ని కథ అడగరు. కాకపోతే సంతకం మాత్రం రాదు.

కానీ హమూద్ బాబా ఇర్షాద్ వైపు చూడనేలేదు. గోడమీది చెయ్యి వైపు చూస్తున్నాడు.

“మరి నాతో చెయ్యి కలిపింది ఎవరు?” అన్నాడు, గోడనే అడుగుతున్నట్టు.

ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. అందులో కప్పు అటూ ఇటూ ఊగుతోంది. అది చూసి, పెద్దాయనకు చాలనుకుని, బాబు మియా మర్యాదగా కప్పు తీసేసుకున్నాడు. ఖాళీ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

ఇర్షాద్ నోరు మళ్ళీ అతని అనుమతి అడగలేదు.

“డెస్మండ్ సార్, ఆ డ్రమ్మర్‌కు ఏం గుర్తుంటాది? ఆ రోజుల్లో ఏమేం మింగినాడో ఆయప్పకే తెల్దు. టర్కీలో పండుకున్నాడు, కడపలో లేసినాడు, సంగటి తిని మళ్ళా పండుకున్నాడు. కండ్లు తెరిసేసరికి లండన్. మాకు తెలుసు గదా, మోసినోళ్ళం మేమే.”

డెస్మండ్ ఫోను జేబులో పెట్టుకుని ఫైలు తెరిచాడు. ఈసారి ఫైల్లో వెతకడానికి ఏ తారీఖూ దొరకలేదు.

“ఇంకోటి చెప్పల్ల బాబా. ఇన్ని వారాలు చెప్పలేదు, మీరు నొచ్చుకుంటారని. రూపర్ట్ దొర మా తాతతో చెయ్యి కలపలేదు.”

హమూద్ బాబా తల తిప్పాడు. “ఎందుకు?”

“కుడిచెయ్యి జేబులోంచి తీయలేదు. ఏంది దొరా, మా చేతికేమైందని మా తాతకు రోషమొచ్చింది. అది గాదయ్యా అన్నాడంట ఆయప్ప. బొంబాయిలో ఒమాన్ పిల్లోడొకడు చెయ్యి కలిపినాడు, మంచి అత్తరు, వాసన పోతాది అన్నాడంట. సంగటి గూడా ఎడంచేత్తోనే తిన్నాడు. కడపంతా తిట్టింది. అయినా తీయలేదు. బస్సు గేటు దాటేటప్పుడు గూడా అందరికీ ఎడంచెయ్యే ఊపినాడు.”

హమూద్ బాబా మెల్లగా కుడిచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. యాభై నాలుగేళ్ళ నాటి అత్తరును అంత లోతుగా పీల్చిన మనిషిని ఇర్షాద్ మళ్ళీ చూడలేదు.

“బస్సు గేటు దాటిందా?” అన్నాడు ఆయన, చెయ్యి దించకుండానే.

“దాటింది బాబా.”

ఇర్షాద్ కప్పు పైకెత్తి ఊపాడు. బాబు మియా దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు, ఎడారి దాటొచ్చిన వాడిని చూసినట్టు చూశాడు.

హమూద్ బాబా కూజా పక్కన పెట్టి కాగితం లాగాడు. పెన్ను మూత తీశాడు. చదివాడు. అరవై కొట్టేసి ముప్పై అని రాసి సంతకం చేశాడు.

“బాబా, రెండు నెలలు గదా?”

“రెండు నెలలా! ఎనిమిది శుక్రవారాలు మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకోవాలా? అల్లా మీద ఒట్టు, ఇంట్లో కత్తులున్నాయి బేటా. ఇరవై ఒకటికి బిడ్డ దగ్గరుండు. నెలకి వచ్చెయ్యి. వచ్చేటప్పుడు తాత మైకు తీసుకురా, ఈ గోడమీద పెడదాం.”

ఇర్షాద్ కాగితం జేబులో పెట్టుకుని, ఆయన మనసు మారకముందే వంటింటి మెట్లమీదికొచ్చి పడ్డాడు. వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాడు. తాత ఖాదర్‌వలి ఎత్తాడు. పక్కన మున్నీ ముఖం సగం కనిపించింది.

“తాతా, నాకొక మైకు గావల్ల. పాతది.”

“ఎవురిదిరా?”

“నీది.”

ఖాదర్‌వలి కాస్త ఆలోచించాడు. “ఎప్పుడు కొన్నా నేను?”

“వచ్చి చెప్తా. మున్నీకియ్యి ఫోను.”

మున్నీ ముఖం తెర నిండా వచ్చింది. “అబ్బా, బువ్వ తిన్యావా?”

“తిన్యా తల్లీ. అబ్బా వస్తాండాడు. ఫోన్‌లో గాదు, నిజం అబ్బా—”

“మిస్టర్ ఇర్షాద్!” వెనక గుమ్మంలో డెస్మండ్. చంకలో ఫైలు లేదు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అన్నాడు. “అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ప్రతి సాయంత్రం సముద్రం ఒడ్డునే కూర్చునేవాణ్ణి. కడప దాటాక ఆ బస్సు... గోవాకేమైనా వచ్చిందా?”

లోపల్నుంచి హమూద్ బాబా కేక వినిపించింది. “బాబు మియా! కొత్త కహ్వా పెట్టు!”

ఇర్షాద్ చేతిలో కప్పు లేదు. అయినా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది, రెండు వేళ్ళు కలిపి గాల్లో అటూ ఇటూ ఊపాడు. డెస్మండ్ ముసలి కళ్ళు అతని నోటి మీదే ఉన్నాయి.

ఫోనులో మున్నీ ఆ చెయ్యి చూసింది. అబ్బా టాటా చెప్తున్నాడనుకుని, అలవాటు ప్రకారం తనూ చెయ్యి ఊపి, ఫోన్ని తీసుకెళ్ళి ఛార్జింగ్ పెట్టేసింది.