ఎలుగుబంటిని కొట్టిన తుపాకీ

పెళ్ళికి కొన్న చెప్పులు ఇంకా కరుస్తూనే ఉన్నాయి. ఆ వంకతో ఉత్త కాళ్ళతో తిరుగుతూ, వంటింటి వెనక ఉన్న మామయ్యగారి పనిగదిలోకి ఎప్పుడు పడితే అప్పుడు దూరిపోతున్నాను. మా ఆయన పనిచేసేదీ అక్కడే. అది వేరే సంగతి.

తండ్రీ కొడుకులు పాత తుపాకులు బాగుచేస్తారు. పేల్చడానికి కాదు, గోడకు తగిలించుకునేవాళ్ళ కోసం. అన్నీ గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక చుట్టిన గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించే కాలం నాటివి. కాలేజీలో తుప్పు గురించి పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను గానీ, దానికింత మొండితనం ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. పట్టేసిన ఒక్క మర కోసం వీళ్ళు నూనె పోస్తారు, తడతారు, బతిమాలతారు, తిడతారు. నా వంతుగా నేను పక్కన స్టూలు మీద కూర్చుని పాటలు పాడతాను.

ఆ వారం బల్ల మీది ఇనప పట్టులో బిగించిన తుపాకీ అత్తయ్య పుట్టింటిది. వాళ్ళ తాతగారు ఎలుగుబంటిని కొట్టి, ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోని తుపాకీ. నేనీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు మంచినీళ్ళకన్నా ముందు ఆ కథే ఇచ్చారు. అడవిదారి, మసక వెలుతురు, రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డ ఎలుగుబంటి. "ఒక్కటే దెబ్బ!" అని అత్తయ్య అరచేతిలో గుద్దుకోగానే, మామయ్యగారు దగ్గారు. తర్వాత ఆ కథ మరికొన్నిసార్లు విన్నాను. ప్రతిసారీ సరిగ్గా అక్కడే దగ్గు. పాపం, పడని గాలేదో తగులుతోందనుకున్నాను.

అత్తయ్య తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం పిల్లాజెల్లాతో వచ్చి తుపాకీ పట్టుకెళతాడు.

"లోపలా బయటా తళతళలాడాలి. అది మా తాత పరువు," అని అత్తయ్య ఆజ్ఞ.

లోపల తళతళలాడాలంటే గొట్టం అడుగున ఉన్న మర బిరడా ఊడాలి. అదేమో తుప్పుతో గొట్టంలో కలిసిపోయి, అతుకెక్కడో కూడా కనపడడం లేదు. మామయ్యగారు, "దాన్ని నేను చూసుకుంటాలే, ఎవరూ ముట్టుకోకండి," అని నూనెలు కొనడానికి వెళ్ళారు. వాళ్ళమ్మ మెప్పు కోసం మా ఆయన ఆగలేకపోయాడు.

"కాస్త వేడి చూపిస్తే చచ్చినట్టు వదులుతుంది," అంటూ మంట దీపం తీశాడు.

"కడ్డీని అడగవా?"

ఇది ఆ గదిలో కట్టుబాటు. మంట వెలిగించే ముందు ప్రతి గొట్టంలోకీ కడ్డీ దింపి, మూతి దగ్గర బొటనవేలు పెట్టి పట్టుకుంటారు. తీసి బయట గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కడ్డీ కొస బిరడా దాకా వస్తే గొట్టం ఖాళీ. రాకపోతే లోపల మందూ గుండూ ఇంకా ఉన్నట్టు, మంట తగిలితే పేలుతుంది.

"దీనికి అక్కర్లేదు. ఖాళీయే."

"నీకెలా తెలుసు?"

"తాతగారు పేల్చేశారుగా. ఎలుగుబంటి!"

"అయినా నేనొకసారి అడుగుతా. సరదాగా."

"అడుగమ్మా, అడుగు. నీకన్నీ సరదాలే."

తుపాకీతో పాటు వచ్చిన కర్ర కడ్డీనే దింపాను. మెత్తగా ఎక్కడో ఆగింది. బొటనవేలు పెట్టి బయటికి తీస్తుంటే గోరు కింద ఏదో తగిలింది. చూస్తే సన్నని గాటు, ఆకురాయితో గీసినట్టు. సరిగ్గా నా వేలున్న చోటే! గొట్టం పక్కన ఆనించాను. కడ్డీ కొసకూ బిరడాకూ మధ్య జానెడు ఖాళీ.

మా ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. దీపాన్ని గబగబా గదికి అవతలి మూల పెట్టొచ్చాడు.

"మనకన్నా ముందెవరో అడిగారు," అన్నాను, గాటు చూపిస్తూ.

"ఎవరో ఏమిటి, నేనే," అన్నారు గుమ్మంలోంచి మామయ్యగారు. చేతిలో నూనె సీసాల సంచి. "ఆ దీపమెందుకు తీశావురా వెధవా? నీ భార్యకున్న బుద్ధి నీకుంటే బాగుండేది."

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"పెళ్ళైన కొత్తలో, మీ అమ్మ మెచ్చుకుంటుందని తుడవబోయాను. కడ్డీ ఆగిపోయింది. ఎంతవరకు దిగిందో గాటు పెట్టాను. ప్రమాదం కదా అని చెంబుడు నీళ్ళు పోసి, మందు నానబెట్టి, మళ్ళీ గోడకెక్కించాను."

"అయితే ఈ తుప్పు మీరు పెంచిందే!" అన్నాను.

"మరేం చెయ్యమంటావమ్మా? కథ చెప్పేటప్పుడు మీ అత్తయ్య మొహం చూశావుగా. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను, మీ తాత అసలు పేల్చనేలేదని?" సీసా మూత తిప్పుతూ గొంతు తగ్గించారు. "మందు ఎండితే మళ్ళీ లేస్తుంది. పిల్లలున్న ఇంటికి ఇలా పంపలేను. తను చూడకుండా విప్పెయ్యాలి."

మంట మాట కట్టిపెట్టి, గొట్టం నిండా నీళ్ళు పోసి, మర చుట్టూ నూనె పట్టించారు. రోజూ చిన్న సుత్తితో చుట్టూ టకటకమని తట్టడం, ఇంకాస్త నూనె. నాకు బాగా నచ్చిందేమిటంటే, విప్పే ముందు వాళ్ళు మరని ఇంకొంచెం బిగించబోతారు! "ఊడదీస్తామని దానికి తెలియకూడదు," అన్నారు మామయ్యగారు. అలా అటో వెంట్రుకవాసి, ఇటో వెంట్రుకవాసి.

శనివారం మధ్యాహ్నం పొడవాటి పానా మీద తండ్రీ కొడుకులిద్దరూ బరువు వేశారు. కిర్రుమంది. ఎర్రటి పొడి రాలింది. బిరడా కదిలింది! నేను స్టూలు మీంచి ఎగిరి చప్పట్లు కొట్టాను.

ఆ చప్పట్లకే అత్తయ్య టీ కప్పులతో వచ్చారు.

బిరడా ఊడి, నల్లటి బురద బకెట్లో పడింది. వెనకే టంగుమని ఒక సీసపు గుండు. మామయ్యగారు చేయి అడ్డం పెట్టబోయారు. మా ఆయన అప్పటికే మూతివైపు నుంచి కడ్డీతో నెడుతున్నాడు. గుడ్డపేలిక, బురద, ఇంకో గుండు. మళ్ళీ పేలిక, మళ్ళీ బురద, మళ్ళీ టంగు.

మూడు! మామయ్యగారు కూడా నోరు తెరిచారు. ఒకటనే అనుకున్నారట ఇన్నేళ్ళూ.

అత్తయ్య కప్పులు బల్ల మీద పెట్టి, కడ్డీ మీది గాటునీ, మామయ్యగారినీ మార్చి మార్చి చూశారు.

"అందుకా ఆ దగ్గు?"

మామయ్యగారు నూనె సీసా మూత బిగించసాగారు.

"నేను ఊరంతా చాటుతుంటే పక్కన కూర్చుని తల ఊపారే! సిగ్గులేదూ?"

"బాగా చెబుతావు కదా," అన్నారు మామయ్యగారు నెమ్మదిగా. "వినబుద్ధేసేది."

అత్తయ్య కొంగుతో గుళ్ళు తుడిచి అరచేతిలో దొర్లించారు. ఆ మొహం ఎటు తిరుగుతుందోనని నేను స్టూలు అంచుకు జరిగాను.

"మొదటిసారి పేలలేదు. అయినా మళ్ళీ దట్టించాడు. అదీ పేలలేదు. మళ్ళీ దట్టించాడు," అని లెక్కకట్టారు. "ఎదురుగా ఎలుగుబంటి. పారిపోలేదు."

"పారిపోలేదని ఎలా తెలుసు?" అన్నారు మామయ్యగారు, ఉండబట్టలేక.

"పరిగెడుతూ దట్టించండి మీరు, చూస్తాను!"

మా ఆయన పకాలున నవ్వాడు. "మరి ఎలుగుబంటి ఏమైందమ్మా?"

"విసుగొచ్చి పోయుంటుంది. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆదివారం తమ్ముడికి తుపాకీ ఇస్తూ అత్తయ్య కొత్త కథ చెప్పారు. ఈసారి పేలని తుపాకీ, కదలని తాత. పిల్లలు ఆ గుళ్ళ కోసం కొట్టుకున్నారు. మామయ్యగారు ఒక్కసారి కూడా దగ్గలేదు. పైగా, "మూడోసారి దట్టించింది కూడా చెప్పు," అని అందించారు.

వాళ్ళు వెళ్ళాక పనిగదిలో మా ఆయన్ని నిలదీశాను.

"నువ్వు కూడా నా దగ్గర ఏదైనా దాస్తున్నావా?"

"ఛ, ఏం లేదు."

"నిజం చెప్పు. నా పాట ఎలా ఉంటుంది?"

"చాలా బాగుంటుంది," అని, దగ్గాడు.