కన్నదానికేటిచ్చారు?

తొంభైయెనిమిదిలో మాట. మా పాప పురుడు నాడు జాలరిపేట సగం మా ఇంట్లోనే ఉంది. వెండి మొలతాడు, గౌన్లు, దోమతెర, పౌడరు డబ్బా, అన్నీ పాపకే. రెండు రోజులు నొప్పులు పడి కన్న నేను ఉయ్యాల పక్కన కూర్చుంటే, "కూసింత జరుగమ్మా, పిల్లని సూడాలి" అంది ఒకావిడ. ఒళ్లు మండిపోయింది.

అందరూ వెళ్లాక మా ఆయన ఎల్లారావుని పట్టుకున్నాను. "ఏటయ్యా, కన్నందుకు నాకేటీ నేదా? స్టీల్‌ప్లాంటులో సేసే మా అన్న, కొడుకు పుడితే మా వదినకి ఉంగరం పెట్టాడు."

ఆయన తల గోక్కున్నాడు. పొయ్యి దగ్గర నుంచి మా అత్త చిలకమ్మ కస్సుమంది.

"కంటే బహుమానమేటే? నాను నలుగుర్ని కన్నాను, ఎవులేటిచ్చారు నాకు? రోజూ రేవు కాడ ఏరి మరీ పాలసొర సేప తెచ్చి ఒండుతన్నాను, సాలదేటి నీకు?"

"అది తింటే పాలు పడతాయనే కదత్తా తెత్తన్నావు? అదీ పాపకే," అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది.

చేపల బేరంలో మా అత్త నోటికి బజారంతా జడుస్తుంది. అలాంటి మనిషి పొయ్యి వైపు తిరిగిపోయి పుల్లలు ఎగదోసింది.

మర్నాడు చేపల గంప ఎత్తలేదు. జ్వరమొచ్చినా బేరం మానని మనిషి, పాపని ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. "నువ్వు తొంగో. పాలకేడిస్తేనే లేపుతాను," అంది. కాన్పయ్యాక మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ అక్కడే, అలాగే కూర్చుని ఉంది. నిన్న అన్న మాటకి సిగ్గేసింది నాకు.

"అత్తా, నువ్వు కన్నప్పుడు నీకేటిస్తే బాగుణ్ణనిపించింది?"

నా మొహంలోకి వింతగా చూసింది. ఆ ప్రశ్న ఆవిడనెవరూ అడిగినట్టు లేదు.

"ఏటీ వొద్దే. నీ మొగుడు పుట్టిన పదో రోజుకే గంపెత్తినాను. మీ మావైనా, మా అత్తైనా, నొప్పెట్టిందేటే అని ఒక్క మాట అడుగుతారేమోనని సూసాను. అంతే."

వెళ్లి పక్కన కూర్చున్నాను. "నొప్పెట్టిందా అత్తా?"

"ఇప్పుడేటే, ముప్పయ్యేళ్లయిపోనాది," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. పాపని గుండెకి అదుముకుంది.

"సానా నొప్పెట్టిందమ్మా," అంది.