సరిపోలని మొహం

రోజా మొహం రోజాది కాదని ఫోను మూడు వారాలుగా మొండికేస్తోంది.

పాలకాయతిప్ప దారిలోని ఆ పల్లెపాలెంలో జీవరత్నం పద్దెనిమిదేళ్లుగా అంగన్‌వాడీ టీచరు. ఎవరి బిడ్డ ఎప్పుడు పాకిందో, ఎవరి కోడలికి ఎన్నో నెలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇప్పుడు ఆమె చెబితే చాలదు. గర్భిణికి గుడ్లూ పాలూ ఇవ్వాలంటే ఆ మనిషి మొహం ఫోనుకు చూపించాలి, పాత ఫోటోతో సరిపోలిందని యాప్ ఒప్పుకోవాలి. నెలాఖరుకీ ఒప్పుకోకపోతే జాబితాలోంచి పేరే ఎగిరిపోతుందని పైనుంచి మెసేజి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

ఇవాళే నెలాఖరు. రోజాకు ఏడో నెల. మొగుడు ఆంజనేయులు బందరు హార్బరులో బోటెక్కి వేటకు వెళ్లి ఎనిమిది రోజులైంది. అత్త పోలమ్మ ఎండుచేపల గంప నెత్తినపెట్టుకుని ఊళ్లు తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ పిల్ల కడుపులోకి కాస్త బలమైన తిండి వెళ్లిందంటే అది అంగన్‌వాడీదే. అందుకే ఇవాళ ఎలాగైనా సాధించాలని జీవరత్నం పంతం పట్టింది.

ఈ మూడు వారాల్లో చేయని పని లేదు. గోడకు సున్నం కొట్టించి దాని ముందు నిలబెట్టింది. బొట్టు తీయించింది, మళ్లీ పెట్టించింది. పాత ఫోటోలో జడ ముందుకుందని ముందుకు వేయించింది. మొహం నిగనిగలాడుతోందని పౌడరు అద్దింది.

"పెళ్లిచూపులక్కూడా ఇంత సింగారం చెయ్యరండీ" అని ఆయా భాగ్యమ్మ నవ్వింది.

సూపర్‌వైజరు లక్ష్మీకాంతం గారు మాత్రం నవ్వే స్థితిలో లేదు. "మన సెక్టారులో మీదొక్కటే పెండింగు జీవరత్నం గారూ. మీటింగులో నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. మంచి వెలుతుర్లో తియ్యండి" అని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది.

పల్లెపాలెంలో సిగ్నలు సరిగ్గా అందేది తుఫాను షెల్టరు మేడ మీదే. మిట్టమధ్యాహ్నం ఏడు నెలల మనిషిని మెట్లెక్కించింది జీవరత్నం. రోజా మెట్టుమెట్టుకీ ఆగింది.

"తల పగిలిపోతందండి టీచరుగారూ. కళ్లముందు మిణుగురుపురుగులు తిరుగుతున్నట్టుందండి."

"ఎండకమ్మా. ఒక్క నిమిషం ఓర్చుకో. కళ్లు పెద్దవి చెయ్యి. ఆఁ, ఇప్పుడు రెప్ప కొట్టు."

రెప్ప కొడితేనే ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషని యాప్ నమ్ముతుంది. రోజా కొట్టింది. సరిపోలలేదు.

"ఇంకాస్త పెద్దవి చెయ్యమ్మా."

"ఇంతకంటే తెరుసుకోవట్లేదండి."

పదకొండుసార్లు తీసింది. పదకొండుసార్లూ సరిపోలలేదంటూ అదే ఎర్ర గీత. జీవరత్నానికి ఏడుపొచ్చింది. పోయిన నెల చక్కగా ఒప్పుకుంది కదా, ఇప్పుడేం రోగం దీనికి? ఆనాటి ఫోటో తెరిచి ఇవాల్టి దాని పక్కన పెట్టి చూసింది. ఆ ఫోటోలో చేపల్లాంటి కళ్లు, కోల మొహం. ఈ ఫోటోలో కళ్లు రెండు గీతలు. బుగ్గా గడ్డమూ ఒకటైపోయాయి.

ఫోను దించి ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. ఒళ్లు చేసిందనుకుంటున్నది ఒళ్లు కాదు, ఉబ్బు. మట్టెలు వేళ్లలో కూరుకుపోయి ఉన్నాయి. వంగి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు.

"అయ్యో ప్రభువా!"

ఉబ్బు, తలనొప్పి, కళ్లు మసకలు. మూడూ కలిస్తే బీపీ ముదిరినట్టు, తల్లీబిడ్డలిద్దరికీ గండం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పిన మొదటి పాఠం అది. వందల మంది తల్లులకు బొమ్మలు చూపించి మరీ చెప్పింది. ఫోను తేడాను పట్టుకుంది. తను ఆ తేడా మీద పౌడరు అద్దింది.

అంబులెన్సు వచ్చేసరికి ముప్పావుగంట. కబురందిన పోలమ్మ గంప దారిలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చి ఎక్కింది. అవనిగడ్డలో బీపీ చూసి, సూది మందిచ్చి, బందరు తీసుకెళ్లిపొమ్మన్నారు. చల్లపల్లి దాటాక రోజాకు ఫిట్స్ వచ్చాయి. జీవరత్నం ఆ పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని, కీర్తనలో ఒక్క చరణమైనా గుర్తురాక, "నాయనా, నాయనా" అంటూ ఉండిపోయింది. ఒళ్లో ఫోను మోగుతూనే ఉంది. లక్ష్మీకాంతం గారు.

బందరు ఆసుపత్రిలో సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చింది. "బిడ్డ గుండె ఆగిపోయిందమ్మా. తల్లిని నిలబెట్టడానికి చూస్తున్నాం, ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఇది ఇవాళొచ్చిన ఉబ్బు కాదు. ముందే ఎవరూ చూడలేదా?"

పోలమ్మకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. బల్ల మీద కూలబడి జీవరత్నం చెయ్యి పట్టుకుంది. "నువ్వేం చేత్తావమ్మా! ఈ మూడు వారాలూ దాని మొహం నువ్వు సూసినంతగా నేను కూడా సూళ్లేదు. నీకే తెలవలేదంటే మాకేం తెలుత్తది?"

తిట్టి ఉంటే బాగుండునని జీవరత్నానికి అనిపించింది. ఆ ఓదార్పును మింగి ఇంటికి వెళ్లడం తన వల్ల కాదు.

"మొన్నటి మంగళవారం కాదొదినా, ఆ ముందు మంగళవారం నర్సమ్మ బీపీ చూడ్డానికొచ్చింది. రోజా వరసలో నిలబడింది. నేనే దాన్ని ఫోటో కోసం మేడ మీదికి లాక్కెళ్లాను. దిగేసరికి నర్సమ్మ వెళ్లిపోయింది. వచ్చేవారం చూపించుకుందువులే, ముందు ఇది అవ్వాలి అన్నాను. ఆ వచ్చేవారం కూడా ఫోటోలోనే పోయింది."

పోలమ్మ ఆమెనే చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసి, బల్ల మీద ఆ చివరికి జరిగి కూర్చుంది.