గడ్డి మిషన్ మొండితనం

డ్రైవరుగారి గడ్డి మిషన్ మళ్లీ మొండికేసింది. భుజానికి తగిలించుకుంటే చివర దారం గిర్రున తిరిగి గడ్డి కోసే రకం అది. తాడు లాగితే ఒకసారి దగ్గుతుంది, ఇంకోసారి నిట్టూరుస్తుంది, ఆ తర్వాత ఎంత లాగినా మొరాయించిన ఎద్దే. ఉద్యోగం ఉన్నంతకాలం ఇంటంత బస్సును ఒంటిచేత్తో తిప్పిన మనిషి, చంటిపిల్లంత ఇంజను ముందు చొక్కా తడిసిపోయి చతికిలబడ్డాడు.

వంటింటి కిటికీలోంచి ఆ వైభవమంతా చూస్తూ ఆయన భార్య కూరగాయలు తరుగుతోంది. వీధి వీధంతా ఆవిణ్ణి పిచ్చుకమ్మ అంటారు. మనిషి పిడికెడు, ఒక్కచోట కాలు నిలవదు. ముఖం నిండా జాలి ఒలికిస్తోంది గానీ, ఆ జాలి అవసరానికి కాస్త మించే ఉంది.

సంగతేమిటంటే, ఆ మిషన్ గొంతు నొక్కింది ఆవిడే.

ఊరికే నొక్కలేదు లెండి. మిషన్ కొన్న కొత్తలో డ్రైవరుగారు పెరట్లోకి దిగితే ఆయన కంటికి గడ్డీ మొక్కా ఒక్కటే అయిపోయాయి. పుదీనా మడి పోయింది. టమాటా నారు పోయింది. గోడవారన పూతకొచ్చిన చిక్కుడు తీగ మొదలంటా తెగిపోయింది. "అంతా పచ్చగానే ఉంది, అందులో నీదేదో నాకెలా తెలుస్తుంది" అన్నాడు పైపెచ్చు. ఆ పూట పిచ్చుకమ్మకు ముద్ద దిగలేదు. ఇప్పుడు మళ్లీ అదే చోట గింజలు పెట్టింది. రెండేసి ఆకులతో మొలకలు తలెత్తాయి. అవి పాకి పందిరి అందుకునేదాకా మిషన్ మూల కూర్చోవాలి. ఆవిడకు కావలసింది అంతే.

ఉపాయం నేర్పింది మెకానిక్కే, పాపం, తెలియక. అతను డ్రైవరుగారి చెల్లెలి కొడుకు. మార్కెట్ వెనక చిన్న ఇంజన్ల రిపేరు షాపు నడుపుతాడు. మొదటిసారి మిషన్ ఆగినప్పుడు అది నిజంగానే పాడైంది. అతను వచ్చి పాతగుడ్డ పరిచి, కార్బురేటర్ విప్పి, నిలవ పెట్రోలు పేరుకుని జిగురైపోతే కడిగి, మామయ్యకు పాఠం చెప్పాడు.

"ఈ చిన్న స్క్రూ చూశారా మామయ్యా, ఇంజనుకు పెట్రోలు ఎంత అందాలో చెప్పేది ఇదే. మెత్తగా ఆగేదాకా మూసి, అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాలి. పూర్తిగా మూసేస్తే గుక్కెడు కూడా అందదు, ఇక లేవదు. గట్టిగా బిగించారనుకోండి, లోపల దీని సూదిలాంటి మొన చెడిపోతుంది."

ఇంజన్ల గురించి నాకా చెప్తున్నావు అన్నట్టు మామయ్య ఆవులించాడు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ అత్తయ్య మాత్రం మాట పొల్లుపోకుండా విన్నది.

ఆ తర్వాత కుట్టుమిషన్ డబ్బాలోని బుల్లి స్క్రూడ్రైవర్‌కు చేతినిండా పని దొరికింది. మెకానిక్ షాపు కట్టేసి సాయంత్రాలు వస్తాడు కనుక గడ్డి కోత మర్నాటికి పడేది. ఈలోగా పిచ్చుకమ్మ షెడ్డులోకి దూరి, సూది మొన నొవ్వకుండా, నిద్రపోయే పిల్లకు దుప్పటి కప్పినంత మెత్తగా ఆ స్క్రూ మూసి వచ్చేది. తెల్లారితే మిషన్‌ది మళ్లీ మూగనోము. మళ్లీ మెకానిక్‌కు కబురు.

ఈసారి అతను సెలవు రోజు పొద్దున్నే వచ్చాడు. డ్రైవరుగారు గుమ్మంలోనే అందుకున్నాడు.

"రావయ్యా ఇంజన్ల డాక్టరూ. నీ హస్తవాసి గురించి వీధంతా చెప్పుకుంటున్నారు."

"వీధికి చెప్పిందెవరు మామయ్యా?"

"నేను చెప్పాలా? తాడు లాగీ లాగీ నా భుజమే చెప్తోంది."

మెకానిక్ ముఖం మాడిపోయింది. అప్పటికే ఇద్దరు గిరాకీలు తమ మిషన్లు వెనక్కి పట్టుకుపోయారు. పెరట్లోకి వెళ్లి మిషన్ మీదికి వంగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. పోయినసారి వెళ్లేముందు స్క్రూ తల మీద ఒకటి, ఆ పక్కనే ఒకటి తెల్లరంగు చుక్కలు ఎదురెదురుగా పెట్టి వెళ్లాడు. ఇప్పుడవి మొగుడూపెళ్లాలు అలిగినట్టు చెరోవైపు చూస్తున్నాయి. కళ్లద్దాలు లేకుండా మసక షెడ్డులో పని కానిచ్చిన పిచ్చుకమ్మకు ఆ చుక్కలు కనబడనే లేదు.

"మామయ్యా, ఇందులో మీరు వేలు పెట్టారా?"

"నేను ముట్టుకుంటే నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, మీ మీదే వేసుకోండి."

"చూడబ్బాయ్, చేతకాకపోతే చేతకాదని చెప్పు. దీన్ని వేరే షాపులో పడేస్తాను. ఇప్పుడే పక్కింటాయన మిషన్ అడిగి తెచ్చి, గంటలో పెరడంతా గుండు కొట్టేస్తాను."

పిచ్చుకమ్మ చేతిలో చాకు ఆగిపోయింది. పక్కింటి మిషన్ గొంతు ఆవిడ చేతిలో లేదాయె. గోడవారన మొలకలు అమాయకంగా గాలికి తలలూపుతున్నాయి. ఈయన అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నాడు. చాకు వదిలేసి, కుట్టుమిషన్ డబ్బాలో ఓసారి చెయ్యి పెట్టి, ఒక్క ఉదుటున పెరట్లోకి వచ్చింది.

"ఆగండి. ఒక్కసారి నన్ను లాగనివ్వండి."

"నువ్వా? ఆ తాడుతో పాటు నువ్వూ లోపలికి పోతావ్."

"పోతే మీకు ఓ పూట హాయి. ముందు ఆ వీధి తలుపు వేసి రండి, టపటపా కొట్టుకుంటోంది."

ఆయన అటు తిరిగాడో లేదో, ఆవిడ పిడికిట్లోంచి బుల్లి స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. మెకానిక్ కళ్లముందే ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పింది. తెల్లచుక్కలు రెండూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి.

"అత్తయ్యా," అన్నాడతను గొంతు తగ్గించి, "నా షాపు పరువు."

"నా చిక్కుళ్లు," అన్నది ఆవిడ, ఇంకా తగ్గించి.

అడుగుల చప్పుడు దగ్గరైంది. పిచ్చుకమ్మ పెట్రోలు బుడిపె నాలుగుసార్లు నొక్కి, కాలు తన్నిపెట్టి తాడు లాగింది. దగ్గింది. మళ్లీ లాగింది. మిషన్ గయ్యిమని లేచింది. డ్రైవరుగారు నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు.

"ఏం చేశావే?"

"ఏం చేస్తాను, లాగాను."

ఆయన చూపు మెకానిక్ మీదికి తిరిగింది. నిజం చెప్తే అతని పరువు నిలుస్తుంది, అత్తయ్య పని అయిపోతుంది. అతను తల గోక్కున్నాడు.

"నా పనిలో తేడా లేదని చూశారుగా మామయ్యా. ఇది చెయ్యి మరిగిన మిషన్. అత్తయ్య చెయ్యి పడితేనే లేస్తుంది, ఎవరు రిపేరు చేసినా అంతే. ఈ మాట వీధిలో కూడా చెప్పండి."

ఇంత పచ్చి అబద్ధం ఎవరు నమ్ముతారని పిచ్చుకమ్మ ఊపిరి బిగబట్టింది. డ్రైవరుగారు మాత్రం గంభీరంగా తలూపాడు.

"ఉంటాయి. మా డిపోలో ఓ బస్సుండేది, ఓ బట్టతల డ్రైవరు ఎక్కితే తప్ప స్టార్టయ్యేది కాదు. నేనెక్కితే కదలమన్నా కదలదు. ఇంజన్లతో బతికినవాడికే తెలుస్తాయి ఇలాంటివి."

"తెలిసిందిగా మరి," అన్నది పిచ్చుకమ్మ. "కావాలన్నప్పుడల్లా లేపి ఇస్తాను. గోడవారకు వెళ్లారో, ఇక జన్మలో దీన్ని లేపను."

ఆయన మిషన్ అందుకుని, గోడవైపూ, చేతిలో గుర్రుమంటున్న దానివైపూ చూసి, రెండో వైపు నడిచాడు. ఆవిడ పీట తెచ్చుకుని మొలకల ముందు కూర్చుంది, కోత అయ్యేదాకా.

చిక్కుళ్లు పందిరెక్కాయి, కాశాయి, వాటి భయం తీరిపోయింది. అయినా కోత రోజు వచ్చేసరికి ఆ స్క్రూ మూసే ఉంటుంది. అంత పెద్ద బస్సు నడిపిన మొగుడు గుమ్మంలో నిలబడి "పిచ్చుకా, ఓసారి వచ్చి దీన్ని లేపవూ" అని బతిమాలుతుంటే, అది ఎవరికి చేదు చెప్పండి.