లాజరు గ్రైండరు

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన లాజరు, రెజీనా దంపతులకు దోసెల బంకు ఉంది. బంకంతా నడిచేది మూలనున్న పాత గ్రైండరు మీదే. అది మహా మొండిది. స్విచ్చి వేస్తే తిరగదు, మూలుగుతుంది. అప్పుడు లాజరు గిన్నె అంచు పట్టుకుని ఒక్క తోపు తోసేవాడు. ఒక్కోసారి కిందికి వంగి ఏదో బిగించేవాడు, చంటిపిల్లను బుజ్జగించినట్టు ఏదో గొణిగేవాడు. అది కదిలేది. ఏం చేశావని రెజీనా ఎన్నడూ అడగలేదు. దోసెలు పోయడం ఆమె పని, గ్రైండరు ఆయన పని.

ఈ ఎండాకాలం మొదట్లో లాజరుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఇంట్లో ఒక్కడినే వదల్లేక రెజీనా ఆయన మంచం తెచ్చి బంకులోనే, గ్రైండరుకు ఎదురుగా వేసింది. కొన్నాళ్లు దేవుడి దయవల్ల ఆమె తోపుకే గ్రైండరు తిరిగింది.

ఒక మధ్యాహ్నం అది పూర్తిగా మొరాయించింది. మరుసటి పొద్దుటి దోసెలకు నానబెట్టిన బియ్యం సగం నలిగి, సగం పలుకుగా ఉండగా రాయి ఆగిపోయింది. రెజీనా తోసింది. అర చుట్టు తిరిగి మళ్లీ ఆగింది. మోటారు మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

"ఏమయ్యా, ఏం చేయల్ల దీన్ని?" అని మంచం వైపు తిరిగింది.

లాజరు ఎడమ చేయి లేపాడు. "ఆ... ఆ..." అన్నాడు.

"తోయాల్నా? ఇట్లనేనా?"

"ఆ... ఆ..."

సరేనంటున్నాడనుకుని ఆమెకు ధైర్యం వచ్చింది. రెండు చేతులూ వేసి బలంకొద్దీ తోసింది. ఆయన గొంతు పెద్దదైంది. తల దిండు మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు. "ఆ! ఆ!" అంటున్నాడు. ఇంకా గట్టిగా తోయమంటున్నాడని ఆమె కాలు గోడకు తన్నిపెట్టి మరీ తోసింది.

కాలిన వాసన వచ్చింది. మోటారు కింద నుంచి పొగ లేచింది. అప్పుడు లాజరు పెదవులు అతికష్టం మీద కలిశాయి.

"ఆ... ప్."

రెజీనా స్విచ్చి ఆపేసి నిలబడిపోయింది. ఇంతసేపూ ఆపమనే మొత్తుకున్నాడు ఆయన. నోట్లోంచి సగం మాటే బయటికొచ్చింది.

"నాకు తెలీలేదయ్యా," అంది. మంచం దగ్గర కూలబడి ఆయన కాళ్లు పట్టుకుంది. "చెప్పలేక నువ్వు, తెలీక నేను... ఏం చేయల్ల దేవుడా!" లాజరు కుడి కంటి నుంచి నీళ్లు చెవిలోకి జారుతుంటే, తుడుచుకోవడానికి ఎడమ చేయి అక్కడిదాకా పోలేదు. ఆమే కొంగుతో తుడిచింది.

సాయంత్రం మెకానిక్ కంబన్న వచ్చి మోటారు విప్పి చూశాడు.

"కాయిల్ మాడిపోయిండాది అక్కా. మళ్లీ చుట్టల్ల. పొద్దుటూరుకు పోవల్ల."

"ఎప్పటికి తెస్తావప్పా?"

"వారం పడ్తాదో ఇంకెక్కువో. పాతది గదా, అది బతుకుతాదని కూడా చెప్పలేను."

మోటారును గోనెసంచిలో చుట్టి బండి మీద పెట్టుకున్నాడు. లాజరు తల తిప్పుకోలేదు. బండి కనిపించకుండా పోయేదాకా చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. రెజీనా గంజి తెచ్చినా నోరు తెరవలేదు.

మరుసటి పొద్దున ఆలూరు డ్రైవరు ఈరప్ప ఎప్పటిలాగే లారీ ఆపి దిగాడు. "రెజీనమ్మా, నాలుగు కారం దోసెలు. శానా ఆకలిగుండాది."

"ఈపొద్దు లేవప్పా. గ్రైండరు చెడిపోయింది."

"ఉగ్గాని అయినా ఉండాదా?"

"ఉగ్గానికి బొరుగులు తెద్దామని పోతే, ఈయన్ని ఎవురు చూస్తారప్పా?"

ఈరప్ప లోపలికి తొంగిచూసి "లాజరన్నా, బాగుండావా?" అన్నాడు. లాజరు కళ్లు తెరవలేదు. ఈరప్ప తలగోక్కుంటూ వెళ్లి లారీ ఎక్కాడు.

ఎండ ఎక్కేసరికి గిన్నెలో సగం నలిగిన పిండి పులిసి పొంగి, అంచులు దాటి కిందికి కారసాగింది. రాయి పక్కకు తీసి పిండి పారబోద్దామని రెజీనా వంగింది. ఆమె ఒక్కదాని వల్ల రాయి కదల్లేదు.